రంపమునకు లాకు

(ఆలమూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నా యెదుట ఈ బల్లమీద మూడు యంత్రములు ఉన్నవి. ఇందాక లోపలికి వచ్చుచు ఒక పెద్దలు వీటిని చూచి, "ప్రచార శాఖవారు కరపత్రాలు తెస్తారు, బొమ్మలు చూపిస్తారు, రంపాలు తెచ్చారేమిటండీ?" అని అడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. నేను వడ్రంగిని కాను. మేకు కొట్టబోయి వ్రేలు కొట్టుకొను రకపువాడను. అయినను ఈనాడు నేను చెప్పదలచినది ఈ యంత్రములలో చిటికెన వ్రేలంత కూడ లేని ఒక ఉక్కు సీలను గూర్చి. ఆ సీలను ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడకూడదో తెలియనందున మన గ్రామములలో పనివారి వ్రేళ్ళు పోవుచున్నవి. అందుచేత ఇది వడ్రంగుల సంగతియే కాదు, పంచాయతీ సంగతి కూడ.

"లాకు" అనగానే ఇతర జిల్లాలవారికి తలుపు తాళము గుర్తు వచ్చును. గోదావరి డెల్టాలో పుట్టినవారికి అట్లు కాదు. మనకు లాకు అనగా కాలువమీది లాకు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వెనుక, కాటన్ దొరగారి కాలువలపై పడవలు ఎక్కుటకు, దిగుటకు కట్టిన లాకులు అవి. ఆ పద్ధతి మీలో పెద్దవారికి తెలిసినదే. పడవ రెండు తలుపుల నడుమ తొట్టిలోనికి వచ్చును. చిన్న తూములు ఎత్తి నీటిని సమము చేయుదురు. ఇరువైపుల నీరు ఒక్క మట్టమునకు వచ్చిన తరువాతనే పెద్ద తలుపు తీయుదురు. నీరు ఉరవడిగా ఉన్నపుడు ఆ తలుపు జోలికి పోవు లస్కరు ఎవరును లేడు. లాకు ఉన్నది నీటిని ఎదిరించి గెలుచుటకు కాదు, నిలిచిన నీటిపై పని చేయుటకు. ఈ మాటను దయచేసి మనసున ఉంచుకొనుడు. రంపపు లాకును గూర్చి నేను చెప్పబోవునది దీనికి మించి ఎక్కువ లేదు.

పూర్వము మన ఊళ్ళలో దుంగ కోయవలెనన్న గొయ్యి తవ్వి, దుంగను దానిపై అడ్డముగా పెట్టి, పైన ఒకడు, క్రింద ఒకడు నిలిచి పెద్ద రంపము లాగెడివారు. క్రిందివాని కంటిలో పొట్టు పడెడిది గాని, చేయి తెగుట అరుదు; రంపమునకు సొంత బలము లేదు గదా! మనిషి చేయి ఆగిన అదియు ఆగెడిది. కరెంటు రంపము అట్లు కాదు. మీట వదలిన తరువాత కూడ కొన్ని క్షణములు తిరుగుచునే యుండును.

ఈ చేతి కరెంటు రంపము పుట్టుక చెఱకు తోటలలోనే జరిగినదన్న ఆశ్చర్యము కలుగవచ్చును. అమెరికాలో న్యూ ఆర్లియన్సు ప్రాంతమున ఎడ్మండ్ మిషెల్ అనునతడు కూలీలు బరువైన కత్తులతో చెఱకు నరుకుచు అలసిపోవుట చూచి, మోటారుతో నడచు కత్తిని కల్పించినాడు. ఆ ఆలోచనయే ముదిరి, కొయ్య కోయు చేతి రంపమైనది. 1924లో జోసెఫ్ సలివన్ అను వ్యాపారితో కలసి చికాగోలో దానికై ఒక సంస్థ స్థాపించినాడు. గుండ్రని బ్లేడు, దాని ప్రక్కన మోటారు, పైన పిడి: నేటికిని రూపము ఇంచుమించు అదియే.

ఇదిగో, ఈ మొదటి యంత్రము ఆ జాతిదే. బ్లేడు 184 మిల్లీమీటర్లు, అనగా ఏడుంబావు అంగుళములు. ఈ పరిమాణపు రంపములు నిమిషమునకు 5,000 నుండి 5,800 సార్లు వరకు తిరుగును. 5,500 అనుకొనిన, బ్లేడు అంచున ఉన్న ఒక్కొక్క పన్ను గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచున్నదన్నమాట. జొన్నాడ దగ్గర జాతీయ రహదారిపై ఏ బస్సును ఆ వేగమున పోగా మీరు చూచియుండరు.

బ్లేడు మొద్దువారును. మార్చవలెను. మార్చుటకు నడిమి బోల్టు వదులు చేయవలెను. పానా వేసి త్రిప్పిన బోల్టుతో పాటు బ్లేడు, దానితో ఇరుసు కూడ తిరిగిపోవును. పాతకాలపు యంత్రములలో దీనికి విరుగుడు రెండవ పానాతో ఇరుసును పట్టుకొనుట, లేదా పళ్ళకు ఒక చెక్కముక్క అడ్డుపెట్టుట. మన గ్రామములలో ఎక్కువగా కనబడు నాలుగంగుళముల రాతి కట్టరులలో నేటికిని పలువాటికి రెండు పానాల పద్ధతియే. దీనిలో తప్పు లేదు. కాని ఒక పానా పోయిన తరువాత రెండవది కొనువారు తక్కువ. స్క్రూడ్రైవరు పళ్ళ సందున గ్రుచ్చి పని కానిచ్చువారిని నా కన్నులతో చూచినాను. పళ్ళకు అతికిన గట్టిలోహపు తునకలు పెళుసు. అట్లు గ్రుచ్చిన బీటవారును. ఆ బీటవారిన తునక మరునాడు కోయునపుడు ఊడి ఎటు ఎగురునో ఎవరు చెప్పగలరు?

ఈ చిక్కును తీర్చుటకే ఇరుసు లాకు. చూడుడు, ఇచ్చట ఒక బొత్తాము ఉన్నది. దాని క్రింద ఉక్కు సీల. సీలను ఎల్లప్పుడును వెలుపలికి నెట్టి ఉంచు స్ప్రింగు. లోపల ఇరుసుకు బిగించిన గేరు చక్రమునకు గాని, పట్టీకి గాని, ఒక రంధ్రమో గాడియో ఉండును. బొత్తాము నొక్కిపట్టి, బోల్టుపై పానా ఉంచి మెల్లగా త్రిప్పుచుండిన, ఒక్క చుట్టు పూర్తి కాకమునుపే సీల రంధ్రమును వెదకుకొని 'టక్కు'మని దిగును. ఇరుసు ఆగును. అప్పుడు రెండవ చేతితో బలముగా పానా త్రిప్పవచ్చును. బొత్తాము వదలిన స్ప్రింగు సీలను వెనుకకు లాగికొనును. బండి ఇరుసుకు సీల, తలుపునకు గడియ తెలిసిన వారికి ఇందులో క్రొత్త ఏమియు లేదు.

పానా ఏ దిక్కున త్రిప్పవలెనో చెప్పి ముందుకు పోయెదను, ఏలయన లాకులు చాలమట్టుకు ఇచ్చటనే పాడగుచున్నవి. బ్లేడుపై బాణపు గుర్తు ఉండును. సాధారణముగా బ్లేడు తిరుగు దిక్కుననే పానా త్రిప్పిన బోల్టు వదులగును, ఎదురు దిక్కున త్రిప్పిన బిగియును. కోయునపుడు కొయ్య బ్లేడును వెనుకకు పట్టి లాగుచుండును. ఆ లాగుడుకు బోల్టు వదులు కాక మరింత బిగియవలెనని మరను అట్లు కోసినారు. అందుచేత కొన్ని రంపములలో మనకు అలవాటైన దిక్కుకు విరుద్ధముగా త్రిప్పవలసి వచ్చును. ఇది తెలియనివాడు బిగియు దిక్కున పానా వేసి, పైనుండి ఇనుప గొట్టము తొడిగి, మనిషి బరువంతయు వేయును. అంతట సీల విరుగును. "నాసిరకం మిషనండీ" అని దుకాణమువానిని తిట్టును.

ఇక అసలు సంగతికి వచ్చెదను. ఇది ఆగిన బ్లేడును పట్టు లాకు, తిరుగు బ్లేడును ఆపు బ్రేకు కాదు. మీట వదలిన తరువాత బ్లేడు ఇంకను తిరుగుచుండగా, రెండు క్షణములు ఆగలేక బొత్తాము నొక్కువారు ఉన్నారు. అట్లు నొక్కిన, లెక్క వేయుడు, క్షణమునకు తొంబదిసార్లు పరుగెత్తు రంధ్రపు అంచు సీల మొనను కొట్టును. కర్రమని శబ్దము. బ్లేడు ఆగినట్లే కనబడును. పనివాడు "బాగానే ఆగింది" అనుకొనును. ఆనాటికి ఏమియు కాదు. కాని మొన కొంచెము అరిగినది, రంధ్రపు అంచు కొంచెము గుండ్రమైనది. పదిసార్లు ఇట్లు జరిగిన తరువాత సీల సగము మాత్రమే పట్టును. అప్పుడొకనాడు బోల్టుపై బలమంతయు పెట్టి త్రిప్పుచుండగా లాకు జారును. పానా పట్టిన చేయి ఊడివచ్చి పళ్ళపై పడును. బ్లేడు తిరుగకపోయినను ఆ పళ్ళు చేతి క్రింది చర్మమును చీల్చుటకు చాలును. అరగిన లాకుతో బోల్టు సరిగా బిగియదు కూడ. సరిగా బిగియని బ్లేడు కోతలో ఊగును, కొయ్యలో పట్టుకొనును, రంపము వెనుకకు తన్నును.

ఒక సంగతి చెప్పెదను. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను. ఇచ్చటికి దూరము కాని గ్రామమే. ద్వారబంధములు చేయు మంచి పనివాడు. అతని చేతిలోనిది రంపము కాదు, ఇనుము అరగదీయు నాలుగంగుళముల గ్రైండరు. దానికి కొయ్య కోయు బ్లేడు తగిలించినాడు. కోయుచుండగా కరెంటు పోయినది. యంత్రము ఆగినది. కరెంటు వచ్చులోగా బ్లేడు మార్చుకొందమని, ప్లగ్గు తీయకయే, ఎడమచేతితో లాకు నొక్కి, కుడిచేతితో పానా వేసినాడు. మీట మాత్రము నడచుస్థానముననే యున్నది. ఆ గ్రైండర్ల మీట ముందుకు జరిపిన అక్కడనే నిలుచును గదా! కరెంటు తిరిగి వచ్చినది. మోటారు ఒక్క ఊపు ఊగినది, సీల విరిగినది, పానా పోయి గోడకు తగిలినది. ఎడమచేతి రెండు వ్రేళ్ళు మొదటి కణుపు దగ్గరకు పోయినవి. నేను తరువాత కలసినపుడు అతడు అన్న మాట ఇది: "కరెంటు లేదు గదండీ, ఇంకేం భయం అనుకున్నానండీ. లాకు కూడా నొక్కే ఉంచానండీ ఆయ్."

లాకు నొక్కియే ఉంచినాడు. అతడు దానిని నమ్మినాడు. చేయరాని పనికి నమ్మినాడు.

ఇందులో తప్పులు ఎన్ని ఉన్నవో చూడుడు. ప్లగ్గు తీయలేదు, అది మొదటిది, అన్నిటికంటె పెద్దది. గ్రైండరుకు కొయ్య బ్లేడు వేయుట రెండవది. ఆ నాలుగంగుళముల గ్రైండర్ల రాళ్ళకు నడిమి రంధ్రము సాధారణముగా 16 మిల్లీమీటర్లు, కొయ్య బ్లేడుకు 20. మధ్య ఖాళీకి వాషరో, రేకుముక్కయో కుక్కుదురు. బ్లేడు నడిమికి కూర్చుండదు. పైగా బ్లేడు 110 మిల్లీమీటర్లది కావున గ్రైండరు గార్డు అడ్డము వచ్చును. గార్డు ఊడదీసి మూల పారవేయుదురు. తరువాత మీట సంగతి. నిజమైన చేతి రంపములలో మీటను వ్రేలితో పట్టియున్నంత సేపే యంత్రము నడచును. వదలిన ఆగును. దానికి తోడు, పొరపాటున నొక్కుకొనకుండ మీట ప్రక్కన ఇంకొక చిన్న అడ్డు బొత్తాము ఉండును. ఇదియు లాకే, కాని ఇది యంత్రము మొదలుకాకుండ ఆపు లాకు. గ్రైండర్లలోను, పలు రాతి కట్టర్లలోను ఉండునది దీనికి సరిగా తలక్రిందులు: యంత్రము ఆగకుండ మీటను పట్టియుంచు లాకు. దుకాణములో "దీనికి లాకు ఉన్నదా?" అని అడిగిన, "ఉన్నదండీ" అని ఈ మూడవదానినే చూపుదురు. కావున ఏ లాకో అడిగి తెలిసికొనవలెను. ఇరుసును పట్టునది ఒకటి, మీటను ఆపునది ఒకటి, మీటను నడిపించునది ఒకటి. ఒకే మాట, మూడు పనులు.

కరెంటు పోయి వచ్చినపుడు, మీట వదలి మరల నొక్కిన గాని మొదలుకాని ఏర్పాటు ఇప్పుడు కొన్ని గ్రైండర్లలోను వచ్చినది. వెల కొంత ఎక్కువ. మన ఊళ్ళలో కరెంటు పోవుట, వచ్చుట ఎట్లున్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఎక్కువ వెల దండుగ కాదని నా అభిప్రాయము.

రెండవ యంత్రము ఈ సన్నని నిలువు రంపము. జిగ్ సా అందురు. ప్లైవుడ్డు పలకలలో వంకరలు కోయుటకు వాడుదురు. దీని కథ ఇంటి ఆడవారికి నచ్చును. 1946లో స్విట్జర్లాండు దేశమున సింటిల్లా అను సంస్థలో పనిచేయు ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనునతడు తన భార్య కుట్టుమిషనులో సూది తీసివేసి, ఆ స్థానమున రంపపు పలుకు బిగించి చూచినాడు. ఆ ప్రయత్నము నుండి ఈ యంత్రము పుట్టినది. దీనిలోని లాకు కుట్టుమిషను సూదిని పట్టు బిగింపు వంటిదే. పాతవాటికి మర ఉండును. క్రొత్తవాటిలో స్ప్రింగుతో కూడిన కాలరు త్రిప్పి, బ్లేడు తల లోపలికి నెట్టి వదలిన, అది తనంతట పట్టుకొనును. సూది సగము దూర్చి మర బిగించిన ఏమగునో కుట్టు పని తెలిసిన సోదరీమణులకు తెలియును. ఇచ్చటను అంతియే. బ్లేడు తల రెండు చెవులవలె ఉండును. అవి రెండును లోపల కూర్చుండవలెను. బిగించిన పిదప ఒకసారి గట్టిగా వెలుపలికి లాగి చూడవలెను. కోసిన వెంటనే బ్లేడు కాలుచుండును, వట్టి చేతితో ముట్టరాదు.

మూడవది గొలుసు రంపము. మీరందరు దీనిని ఎరుగుదురు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కోనసీమలో లక్షలకొలది కొబ్బరిచెట్లు పడిపోయినవి. దారులు మూసికొనిపోయి, గొడ్డళ్ళతో, చేతి రంపములతో నరికి త్రోవ చేసికొనినాము. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చు నాటికి దారికి అడ్డుపడిన చెట్లను తొలగించుటకు గొలుసు రంపములు అలవాటైపోయినవి. పని గంటలలో అగుచున్నది. సంతోషించవలసినదే. కాని వానలో, చీకటిలో, తొందరలో, ఎవరి చేతికి దొరికిన వారు దీనిని ఎత్తుచున్నారు. తుఫాను నాటి రాత్రి రంపము పట్టినవాడు పంచాయతీ పనివాడు. అతనిని పంపినవారు మీరు.

దీనిలో లాకు ఈ ముందరి చేతిగార్డు. ఇది నిజముగా బ్రేకు. తిరుగుచున్న గొలుసునే ఆపుటకు చేసినది. ముందుకు నెట్టిన, లోపలి ఉక్కుపట్టీ గొలుసును త్రిప్పు డోలును బిగించి, క్షణములో భాగముననే గొలుసును ఆపును. రంపపు మొన పైభాగము కొయ్యకు తగిలిన రంపము ఒక్కసారిగా ముఖము మీదికి ఎగురును. అప్పుడు ఎడమచేతి మణికట్టు ఈ గార్డుకు తగిలి బ్రేకు పడవలెను. అందుచేతనే ఎడమచేయి ముందరి పిడిని బొటనవ్రేలు క్రిందుగా చుట్టి పట్టుకొనవలెను. యంత్రమును మొదలుపెట్టునపుడును, ఒక చెట్టు నుండి ఇంకొక చెట్టునకు నడచునపుడును బ్రేకు వేసియే ఉంచవలెను. గుండ్రని రంపపు లాకును తిరుగునపుడు నొక్కరాదంటిని, దీనిని మాత్రము నొక్కవచ్చును. ఈ తేడా పనివానికి చెప్పకయే యంత్రము చేతికి ఇచ్చుట తప్పు. అద్దెకు తెచ్చిన ప్రతి గొలుసు రంపమును మొదట మట్టమైన నేలపై పెట్టి, రెండు చేతులతో పట్టి, నడిపి, గార్డు నెట్టి చూడవలెను. గొలుసు వెంటనే ఆగకున్న ఆ యంత్రమును తిప్పి పంపవలెను. ఆ రాత్రి ఇంకొకటి దొరకదందురు. దొరకకున్న గొడ్డలి ఉన్నది. తెల్లవారువరకు దారి మూసియుండవచ్చును.

కొబ్బరిమ్రాను పీచుతోను, గాలికి పట్టిన ఇసుకతోను కూడినది. గొలుసు త్వరగా మొద్దువారును. మొద్దువారిన గొలుసును బలము పెట్టి త్రోయుదురు, అప్పుడే తన్నును. బ్రేకు పట్టీ దగ్గర ఆ పీచు, నూనె కలసి ముద్ద కట్టును. సాయంత్రము బ్రష్షుతో తీయవలెను. ఇరుసు లాకు బొత్తాము చుట్టును ఇట్లే పొట్టు చేరును. స్ప్రింగు బలము చాలక బొత్తాము సగము లోపలనే నిలిచిపోవును. ఆ స్థితిలో మీట నొక్కిన సీల, గేరు రెండును పోవును. బొత్తాము జిగటగా ఉన్నదని కొబ్బరినూనె పోయువారు ఉన్నారు. మన కోనసీమలో అన్నిటికి అదియే మందు! నూనెకు పొట్టు అంటి నాలుగు దినములలో రోలులో పిండివలె గట్టిపడును. పొడి బ్రష్షు చాలును.

ఇక మీ చేతిలో ఉన్న అధికారమును గూర్చి. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకము 18 చేతివృత్తులకు వర్తించును. వడ్రంగి పని అందులో ఒకటి. ప్రాథమిక శిక్షణ, శిక్షణ దినములకు రోజుకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, తరువాత తక్కువ వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల వరకు అప్పు అందులో గలవు. దరఖాస్తు మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. అనగా ఆ కాగితము జిల్లాకు పోవుటకు ముందు మీ ముందుకు వచ్చును. ఆ వేళ సంతకముతో సరిపెట్టక, "ఏ మిషను తీసికొనుచున్నావు, నాయనా? ప్లగ్గు తీసి బ్లేడు మార్చుట చూపించు" అని ఒక్క మాట అడుగుడు. గ్రైండరుకు కొయ్య బ్లేడు వేయుచున్నవాడు కొయ్య రంపమునకు మారుటకు ఇంతకంటె మంచి సమయము రాదు.

యంత్రముతో ఒక చిన్న పుస్తకము వచ్చును. నేను చూచిన వాటిలో పలు భాషలు ఉన్నవి గాని తెలుగు కనబడలేదు. చదువురాని పనివానికి ఏ భాషలో ఉన్నను ఒక్కటే అందురేమో. కాదు. తెలుగులో ఉన్న అతని కూతురు చదివి వినిపించును. మీ ఊరి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయునికి ఆ పుస్తకము ఇచ్చి, బ్లేడు మార్పిడి పుట ఒక్కటి తెలుగు చేయించి, పంచాయతీ గోడకు అంటించుటకు ఖర్చు ఎంతో మీరే చెప్పుడు.

పంచాయతీ తానే రంపము కొనదలచినపుడు కొటేషను కాగితములో "రంపము ఒకటి" అని మాత్రము వ్రాయుచున్నారు. అప్పుడు చౌకది వచ్చును. ఇట్లు వ్రాయుడు: "ఇరుసు లాకు గలది, మీట వదలిన ఆగునది, పొరపాటున మొదలుకాకుండ అడ్డు బొత్తాము గలది, క్రింది గార్డు తనంతట మూసికొనునది, పానాతో సహా." గొలుసు రంపమైన "పనిచేయు గొలుసు బ్రేకు గలది" అని చేర్చుడు. యంత్రము వచ్చిన దినమున, డబ్బు చెల్లించుటకు ముందు, ప్లగ్గు లేకుండ లాకు నొక్కి పానాతో త్రిప్పి చూడుడు. ఒక్క చుట్టులోగా సీల దిగవలెను. దిగిన తరువాత బ్లేడు అటునిటు ఊగరాదు. వదలగనే బొత్తాము తనంతట పైకి రావలెను, బ్లేడు స్వేచ్ఛగా తిరుగవలెను. ఇందుకు ఇంజనీరు అక్కరలేదు. బ్యాటరీతో నడచునదైన బ్యాటరీ ఊడదీసి చూడవలెను. ప్లగ్గు తీయుటతో సమానము అదియే.

ఇంత చెప్పినను ప్రమాదము జరిగినపుడు ఏమి చేయవలెనో చెప్పకుండ కూర్చుండిన నా ప్రసంగము కుంటిది. శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి, 108కు ఫోను చేయవలెను. పసుపు, కాఫీపొడి పోయరాదు. తెగిన వ్రేలు ఉన్న పొట్టులో వెదకి తీయుడు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని మంచు వేసిన వేరొక సంచిలో పెట్టి రోగితో కూడ పంపవలెను. వ్రేలికి మంచు నేరుగా తగులరాదు. నేను చెప్పిన ఆ పనివాని వ్రేళ్ళను ఎవరో మంచినీళ్ళ గ్లాసులో వేసి తెచ్చినారు. అవి అతుకుటకు పనికిరాలేదు. మంచు మన ఊళ్ళలో దొరకని వస్తువు కాదు. చేపల బుట్టలలో ఉండును, సోడాల దుకాణములో ఉండును.

అతడు ఇప్పుడును వడ్రంగమే చేయుచున్నాడు. ఉలి పట్టుట కష్టమైనందున చెక్కడపు పని మానివేసి, బల్లలు, బెంచీలు చేయుచున్నాడు. ఆదాయము తగ్గినది. ఈ మొదటి రంపము అతనిదే. నేను ఈ సభకు తెచ్చెదనని అడిగినపుడు ఇచ్చినాడు. "లాకు మీద ఎర్ర రంగు వేశానండీ, తిరుగుతున్నప్పుడు ముట్టుకోకూడదని మా కుర్రాడికి తెలియాలని" అన్నాడు. ఆ రంగు ఇదిగో, ఈ బొత్తాముపై కనబడుచున్నది.

ఇప్పుడు వరుసలుగా ముందుకు రండు. వార్డు సభ్యులు మొదట, సర్పంచులు తరువాత. ఎప్పుడును వారే ముందు గదా! ప్రతివారును ఎర్ర బొత్తాము ఒకసారి నొక్కి, ఈ పానాతో త్రిప్పి, సీల దిగు చప్పుడు చెవితో వినుడు. ప్లగ్గు తీసి నా జేబులో పెట్టుకొనినాను.